రెండో కొలత

పోయినవారం మనం గీతలమ్మని కారిడారు గోడ దగ్గర వదిలేశాం. చేతిలో ఎర్రపెన్ను, వెనక పనివాళ్ళందరూ, ఎదురుగా గోడ పొడవునా అంటించిన గోధుమరంగు కాగితం. దాని మీద ఆమె వచ్చిన దగ్గర్నుంచీ గీసిన డబ్బాలు, బాణాలు. కాలు పోగొట్టుకున్న మనిషి ఈ సంస్థ గుమ్మం ఎక్కింది మొదలు, కొత్త కాలు తొడుక్కుని గుమ్మం దిగేదాకా ఏ గదిలో ఏం జరుగుతుంది, పని ఎక్కడ సాగుతుంది, ఎక్కడ చతికిలబడుతుంది, అన్నీ అందులో ఉన్నాయి. ఆమె ఉద్యోగం అసలు పేరు పనితీరు మెరుగుదల అధికారి. అంత పొడుగు పేరు పలికే ఓపిక అక్కడ ఎవరికీ లేదు కాబట్టి గీతలమ్మ అయింది.

“పని ఎక్కడ ఆగుతోందమ్మా?” అని డైరెక్టరు అందరి ముందూ అడిగాడు.

ఆమె ఎర్రపెన్నుతో ఒక బల్ల చుట్టూ గీత చుట్టింది. అది చిన్నమేస్త్రి బల్ల. చిన్నమేస్త్రి ఆమె భర్త.

గీతలమ్మ బిస్కెట్ల ఫ్యాక్టరీ నుంచి వచ్చిన మనిషి. అక్కడ పాకింగు పని ఎందుకు నత్తనడక నడుస్తోందో కనిపెట్టి సరిచేసిందని పేరుంది. మామగారు, భర్త ఇద్దరూ మేస్త్రీలుగా ఉన్న చోటికే తానూ ఉద్యోగానికి రావడం మొదట్లో ఆమెకి ఇష్టం లేదు. కానీ కాలు కోసం పేరు రాయించుకున్నవాళ్ళు బెంచీల మీద కూర్చుని కూర్చుని డీలా పడిపోవడం చూశాక కాదనలేకపోయింది. వస్తూనే, పక్షపాతం అనే మాట మాత్రం పడకూడదని గట్టిగా అనుకుంది. ఆ పట్టుదల తిరిగి తిరిగి తన కొంప మీదికే వస్తుందని అప్పట్లో తోచలేదు.

“చూశారా, కట్టుకున్నవాణ్ణి కూడా వదల్లేదు!” అని డైరెక్టరు చప్పట్లు కొట్టాడు. ఇంకెవరూ కొట్టలేదు. ప్లాస్టరు కలిపే సుద్దపిన్ని చేతులకంటిన తెల్లటి పొడి దులుపుకుంటూ, “బాగుంది సంబడం,” అనేసి లోపలికి వెళ్ళిపోయింది.

ఇంట్లో గొడవైనా జరిగితే బాగుండేది. జరగలేదు. అత్తగారు మంచినీళ్ళ గ్లాసు కాస్త చప్పుడయ్యేలా పెట్టింది, అంతే. మామగారు, అంటే పెద్దమేస్త్రి, ఒక్కడే నోరు విప్పాడు.

“వాడి చెయ్యి నిదానం తల్లీ. చిన్నప్పట్నుంచీ అంతే. నువ్వు ఉన్నది ఉన్నట్టు చెప్పావు. అందులో తప్పేముంది?”

ఆ మాటకి కంచం ముందు కూర్చున్న భర్త దవడ బిగుసుకోవడం ఆమె చూసింది. అతను తిన్నాడు, చెయ్యి కడుక్కున్నాడు, గోడవైపు తిరిగి పడుకున్నాడు.

*

ఒక్క సంగతి గీతలమ్మకి కొరుకుడు పడలేదు.

మనిషి మిగిలిన కాలు చూసి, ప్లాస్టరు పట్టీ చుట్టి, అచ్చు తీసి సరిచేసేది పెద్దమేస్త్రి. ఎముక పైకి తేలిన చోట అచ్చు మీద కాస్త సుద్ద పెంచాలి. అప్పుడే తొడుగులో ఆ ఎముకకి చోటు దొరుకుతుంది. కండ బరువు మొయ్యగలిగిన చోట కాస్త చెక్కాలి. అది వేళ్ళకి తెలియాల్సిన విద్య. అంతా కుదిరాక ఆయన ఊదా పెన్సిలుతో తన గుర్తు వేస్తాడు. గుర్తు పడిందంటే ఇక తిరుగులేదు. ఆ అచ్చు చిన్నమేస్త్రి బల్లకి వెళుతుంది. అతను దాని మీద వేడి ప్లాస్టిక్కు లాగి తొడుగు చేసి, కింద గొట్టం, పాదం బిగించాలి.

అతను చెయ్యాల్సింది అంతే. కానీ ప్రతిసారీ మళ్ళీ ఆ మనిషి దగ్గరికి వెళ్ళి ఇంకోసారి కాలు చూసి వస్తాడు. అడిగితే, “తొడుగు లోపల వేసుకునే మేజోడు కొలత,” అంటాడు. కాగితం మీద ఆమె దాని పక్కన “రెండో కొలత: అనవసరం” అని రాసేసింది. రాసిందే గానీ, ఒక మేజోడు కొలతకి పూటంతా ఎందుకు పడుతుందో తెలియలేదు. తుది కాగితం ఇచ్చే గడువు ముంచుకొస్తోంది. బిస్కెట్ల ఫ్యాక్టరీలో ఆమె పైన పనిచేసిన పెద్దాయన ఎప్పుడూ ఒకటే అనేవాడు: మనుషుల్ని అడిగితే జరగాల్సింది చెబుతారమ్మా, జరుగుతున్నది కావాలంటే సరుకు వెంట నడువు. సరే, ఒక కాలు వెంట నడుద్దామనుకుంది.

ఆ కాలు ఒక దర్జీ ఆవిడది. మిషను తొక్కే కాలే పోయింది. రెండో కాలితో తొక్కడం నేర్చుకోబోతే కుట్టు పాములా మెలికలు తిరుగుతోందని చెప్పి తనే నవ్వింది. పెద్దమేస్త్రి పీట మీద కూర్చుని ఆవిడ మిగిలిన కాలిని రెండు చేతుల్లోకీ తీసుకున్నాడు, చంటిపిల్లని ఎత్తుకున్నంత జాగ్రత్తగా.

“నేనూ దర్జీనేనమ్మా. నువ్వు గుడ్డతో కుడతావు, నేను సుద్దతో కుడతాను.”

“బిగువైతే నా గిరాకీలు తెచ్చి మొహాన కొడతారు మేస్త్రిగారూ. మీకు ఆ బాధ లేదు. మీ మొహాన కొడదామన్నా, మీరు ముందే కాళ్ళు పట్టుకున్నారు!”

గదంతా నవ్వింది. ఆయన పట్టీలు చుట్టాడు, ఆరాక ఊడదీశాడు. మర్నాటికి సుద్ద పోసి అచ్చు తీసి, ఇక్కడ చెక్కి, అక్కడ పూసి, పైన గుర్తు వేశాడు. ఒక సున్నా, మధ్యలో చుక్క. సున్నా కాస్త వంకరగా వచ్చింది. అక్కడిదాకా కాగితం మీద గీసినట్టే జరిగింది.

ఆ మధ్యాహ్నం తాను బయట పని మీద వెళుతున్నానని అందరికీ వినబడేలా చెప్పి, గీతలమ్మ వెనక గుమ్మంలోంచి తిరిగొచ్చింది. ఎదురుచూపుల హాల్లో స్తంభం చాటున కూర్చుంది. సొంత మొగుడి మీద నిఘా పెట్టిన దొంగలా తనకి తానే అనిపించింది.

చిన్నమేస్త్రి వచ్చాడు. దర్జీ ఆవిడ ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. చేతిలో మేజోడు లేదు, టేపు లేదు. కళ్ళు మూసుకున్నాడు. వేళ్ళని ఆవిడ మోకాలి కిందినుంచి మెల్లగా, చీకట్లో తాళంచెవి వెతికేవాడిలా నడిపించాడు.

“ఇక్కడ?”

“ఊహూఁ.”

“ఇక్కడ నొక్కితే?”

“అబ్బా! అక్కడే బాబూ. ప్రాణం లాగేస్తుంది. నిన్న పెద్దాయన ఆ చోటు ముట్టుకోనే లేదు.”

“నేను చూసుకుంటాను. మీరేం కంగారు పడకండి,” అని లేచాడు.

అతను తన బల్ల వెనక తెర వేసుకునేదాకా ఆగి, ఆమె వెళ్ళి ఆ తెర పక్కకి లాగింది. దర్జీ ఆవిడ అచ్చు బల్ల మీద ఉంది. అతని చేతిలో ఆకురాయి. అచ్చు మీద ఒక పక్క అప్పుడే లోతుగా గీరిన గాడి, బల్ల నిండా తాజా సుద్దపొడి.

“ఏం చేస్తున్నారు మీరు?”

ఆకురాయి ఆగింది.

“మావయ్య గుర్తు పడ్డ అచ్చు అది. దాన్ని చెక్కుతున్నారా?”

“గట్టిగా అరవకు.”

“ఇందుకా అన్నీ మీ దగ్గర ఆగిపోతున్నాయి? ఆయన చేసిందంతా మీరు మళ్ళీ చేస్తున్నారా? కన్నతండ్రి మీద పంతమేమిటండీ మీకు?”

అతను ఆమె మోచెయ్యి పట్టుకుని ప్లాస్టరు బస్తాలుండే గదిలోకి తీసుకెళ్ళాడు. లోపల సుద్దపిన్ని బస్తా విప్పుతోంది. ఇద్దరి మొహాలూ చూసి, ఒక్క మాట మాట్లాడకుండా బయటికి నడిచి, తలుపు దగ్గరగా వేసి, గుమ్మం ముందు కాపలాకి కూర్చున్నట్టు అక్కడే చతికిలబడింది. ఆమె అలా కూర్చోవడం అది మొదటిసారి కాదని గీతలమ్మకి అర్థమైంది.

“నాన్న వేళ్ళకి స్పర్శ లేదు,” అన్నాడు చిన్నమేస్త్రి.

“అంటే?”

“లేదంటే లేదు. ఆయన చేతిలో సూది గుచ్చినా తెలీదు.”

పొయ్యి మీద కుతకుతలాడే గిన్నెని మామగారు గుడ్డ లేకుండా పట్టుకుని దింపడం గీతలమ్మ ఎన్నోసార్లు చూసింది. “మావయ్యవి ఉక్కు చేతులు,” అని అందరిముందూ మెచ్చుకుంది కూడా. ఆయన నవ్వి ఊరుకునేవాడు.

“మీకెలా తెలిసింది?”

“ఒకరోజు బ్లేడుతో అచ్చు గీరుతున్నాడు. వేలు తెగి నెత్తురు కారుతోంది. అచ్చంతా ఎర్రగా అయిపోయింది. ఆయన కూనిరాగం తీస్తూ గీరుతూనే ఉన్నాడు.” చిన్నమేస్త్రి తలుపువైపు చూసి గొంతు తగ్గించాడు. “అప్పటికే ఒక తోటమాలి తిరిగొచ్చాడు. కాలు పుండు పడి, చీము పట్టి. కొత్తకాలు గదా, అలవాటు పడాలి అని పాపం పంటి బిగువున నడిచాడట. ఆ పుండు చూశాక నాకు నిద్ర పట్టలేదు. ఆ రోజు నుంచి ఏ అచ్చూ నేను మళ్ళీ చూడకుండా ప్లాస్టిక్కు ఎక్కించలేదు. సరిచేసి, నాన్న గుర్తు నేనే వేస్తాను.”

“ఎవరెవరికి తెలుసు?”

అతను బయట సుద్దపిన్ని కూర్చున్న తలుపువైపు చూశాడు. ఆ చూపే జవాబు.

“అందరికీ తెలుసా? నాకు తప్ప అందరికీనా? అత్తయ్యకి?”

“అమ్మకి తెలుసు.”

చప్పుడయ్యేలా పెట్టిన మంచినీళ్ళ గ్లాసుకి అర్థం ఇప్పుడు తెలిసింది. గీతలమ్మ బస్తా మీద కూలబడింది.

“నాకు చెప్పొచ్చుగా! నేను మీ పెళ్ళాన్ని.”

“ఇంట్లో పెళ్ళానివి. ఆ గోడ దగ్గర కాదు. ఉండకూడదు కూడా, అది నీ ధర్మమే.” అతని గొంతులో నిష్ఠూరం లేదు, అలసట ఉంది. “నువ్వు వచ్చిందే పని ఎక్కడ చెడుతోందో వెతకడానికి. నీకు చెప్పాక నువ్వు దాస్తే నీ ఉద్యోగానికి నువ్వు ద్రోహం చేసినట్టు. దాచకపోతే నాన్నకి. నిన్ను ఆ ఇరుకులో ఎందుకు పెట్టడం అనుకున్నా.”

“మీ చెయ్యి నిదానం అని మావయ్య అంటే నోరు మూసుకుని కూర్చున్నారు.”

“నిదానమేగా మరి. ఒక్కో కాలూ రెండుసార్లు చేస్తున్నాను.”

ఆమెకి ఏడుపొచ్చింది. ఏడవడానికి వ్యవధి లేదు. ఆలోచన ఎటు పరిగెత్తినా ఒక గోడకి వెళ్ళి కొట్టుకుంటోంది. కాగితం మీద ఉన్నది ఉన్నట్టు మళ్ళీ గీస్తే మామగారి పని ఈరోజుతో సరి. అది చాలదన్నట్టు, గుర్తు పడ్డ అచ్చుని మార్చినవాళ్ళెవరైనా ఉద్యోగం వదులుకోవాల్సిందే అని కొత్త నియమం ఒకటుంది. దాన్ని రాసింది తనే. డైరెక్టరు మురిసిపోయి, చట్రం కట్టించి హాల్లో వేలాడదీయించాడు. ఆ నియమం ప్రకారం మొదట పోయేది తన మొగుడు, ఆ వెనకే తలుపు బయట కూర్చున్న సుద్దపిన్ని. గీయకుండా ఊరుకుంటే రెండో కొలత ఆగిపోతుంది. అప్పుడు ఇక్కణ్ణుంచి నడిచి వెళ్ళే ప్రతి మనిషీ ఆ తోటమాలే.

“నాన్నకి మాత్రం తెలియకూడదు,” అన్నాడు చిన్నమేస్త్రి. “మేం సరిచేస్తున్నామని ఆయనకి తెలిసిందా, మనిషి మిగలడు. ఆ చేతులు తప్ప ఆయనకి ఇంకో లోకం లేదు. నా మీద ఒట్టు వెయ్యి.”

ఆమె చెయ్యి చాచింది. అతను పట్టుకున్నాడు. సరిగ్గా అప్పుడే తలుపు బయట సుద్దపిన్ని గట్టిగా దగ్గింది. ఆ వెంటనే ఆఫీసు బంట్రోతు గొంతు వినిపించింది.

“చిన్నమేస్త్రీ! డైరెక్టరుగారు రమ్మంటున్నారు. ఉన్నపళంగా.”

*

అతను తిరిగి బల్ల దగ్గరికి రాలేదు. కాసేపటికి గీతలమ్మ కారిడారులో చూసేసరికి, తన పనిముట్ల సంచీ భుజాన వేసుకుని గోదాంవైపు నడుస్తున్నాడు. ఆమె ఒక్క ఉదుటున డైరెక్టరు గదిలోకి వెళ్ళింది.

“రండమ్మా, మీకే కబురు పెడదామనుకుంటున్నా.” డైరెక్టరు చెడ్డవాడు కాదు. గది కిటికీలోంచి చూస్తే బెంచీలన్నీ కనిపిస్తాయని బల్లని కావాలనే అటు తిప్పి వేసుకున్నాడు. “తుది కాగితం దాకా ఎందుకు ఆగాలి? మీరు చూపించాక ఒక్కరోజు ఆలస్యం చేసినా పాపం. మీ ఆయన్ని గోదాంకి మార్చాను. ఆ బల్లకి కొత్తవాళ్ళు ఇద్దరొచ్చారు, చురుకైనవాళ్ళు. రెండో కొలత తీసేశాం. పెద్దమేస్త్రిగారి గుర్తు పడితే అంతే, అదే ఆఖరి మాట.”

“అయ్యా, ఆ రెండో కొలత... కొన్నాళ్ళు ఉంచుదామండీ.”

“ఎందుకు? అనవసరం అని మీరే రాశారు.”

“తొందరపడ్డానేమో అనిపిస్తోంది.”

“సరే. కారణం చెప్పండి, ఇప్పుడే ఉంచేస్తాను.”

కారణం గొంతు దాకా వచ్చింది. ఇంకా చేతిలో భర్త చెయ్యి వెచ్చదనం ఉంది.

“ఇంకోసారి పరిశీలించాలండీ.”

డైరెక్టరు ఆమె మొహంలోకి చూశాడు. ఆ చూపులో కోపం ఉన్నా తట్టుకునేది. జాలి ఉంది.

“ఇంట్లో బాధ పెడుతున్నారామ్మా?”

“అదేం లేదండీ.”

“నేను అర్థం చేసుకోగలను. మొగుడు, అత్తగారు, ఒకే కప్పు కింద... కష్టమే. కానీ ఒక మాట చెబుతాను, ఏమనుకోకండి. కట్టుకున్నవాణ్ణి కూడా చూడకుండా నిజం చెప్పారు కాబట్టే ఈ కాగితాన్ని నేను నమ్మాను. అక్కడ ఏడుపు మొదలైందని ఇక్కడ గీత చెరిపేస్తే, రేపు మీ మాటకి విలువేముంటుంది? ఇంటి సంగతి గుమ్మం బయటే వదిలిరండి.”

నోరెత్తితే మొగుడి కోసం మాట మార్చిన ఆడది. ఎత్తకపోతే జనం కాళ్ళు పుళ్ళు పడతాయి. తన నిజాయితీనే ఇటుకలుగా పేర్చి ఎవరో తన చుట్టూ గది కట్టేసినట్టుంది. దానికి తలుపు పెట్టడం మాత్రం మరిచిపోయారు.

ఆ సాయంత్రం చిన్నమేస్త్రి చెప్పులు విప్పకముందే ఆమెని పక్కకి పిలిచాడు.

“ఆ దర్జీ ఆవిడ అచ్చు సగంలో ఉండిపోయింది. కొత్త సుద్ద పట్టుకోవడానికి గాడి గీరాను గానీ ఎముక మీద సుద్ద పెంచలేదు, గాడిని నింపి చదును చెయ్యలేదు. నాన్న గుర్తు అలాగే ఉంది దాని మీద. వాళ్ళు అదే ఖాయం అనుకుంటారు.”

“అచ్చు మీద గాడి ఉంటే ఏమవుతుంది?”

“తొడుగు లోపల గట్టు లేస్తుంది. సరిగ్గా ఆవిడ అబ్బా అన్న చోట.”

“పొద్దున్నే వెళ్ళి ఆపుతాను.”

పొద్దున్నే వెళ్ళింది. కొత్తవాళ్ళు అంతకంటే పొద్దున్నే వచ్చారు. చురుకైనవాళ్ళని డైరెక్టరు ఊరికే అనలేదు. ప్లాస్టిక్కు ఎక్కించడం, చల్లారడం, లోపలి అచ్చు పగలగొట్టి ఊడదీయడం, అన్నీ అయిపోయాయి. దర్జీ ఆవిడ అచ్చు బల్ల కింద బుట్టలో ముక్కలుగా పడి ఉంది. తొడుగు నున్నగా మెరుస్తోంది. కింద గొట్టం, దాని కింద పాదం బిగించి, “చూశారా మేడమ్, ఎంత తొందరగా అయిందో!” అన్నారు ఇద్దరూ మెప్పు కోసం.

“బాగుంది,” అంది గీతలమ్మ. ఆ మాట తన నోట్లోంచే వచ్చిందా అనిపించింది.

*

నడక హాల్లో నడుము ఎత్తున రెండు ఇనుప కడ్డీలుంటాయి. కొత్తకాలు వేసుకున్నవాళ్ళు వాటిని పట్టుకుని మొదటి అడుగులు వేస్తారు. కొత్త పద్ధతిలో తయారైన మొదటి కాలు కదా, డైరెక్టరు స్వయంగా వచ్చి నిలబడ్డాడు. దర్జీ ఆవిడ కొత్త చీర కట్టుకుని, రెండు చేతులా కడ్డీలు పట్టుకుని, పెళ్ళిచూపులకి వచ్చినదానిలా సిగ్గుపడుతోంది.

“ఇంటికెళ్ళగానే మిషను మీద దుమ్ము దులుపుతానండీ. మీ చొక్కా మెడపట్టీ చూస్తేనే చేతులు దురదగా ఉన్నాయి, ఎవడు కుట్టాడో గానీ.”

డైరెక్టరు నవ్వుతూ మెడ తడుముకున్నాడు.

పెద్దమేస్త్రి గోడవారన బల్ల దగ్గర కాలు పట్టుకుని నిలబడ్డాడు. తొడిగే ముందు తొడుగు లోపల చెయ్యి పెట్టి తడిమి చూడడం ఆయన అలవాటు. చెయ్యి లోపలికి పోయింది, చుట్టూ తిరిగింది, బయటికొచ్చింది. మళ్ళీ లోపలికి పోయింది. ఆయన మొహంలో ఏమీ లేదు.

ఇక్కడే ఆగుతాడేమో, ఏదో ఒక వంక పెట్టి తిప్పి పంపిస్తాడేమో అని గీతలమ్మ చూస్తోంది.

“అమ్మాయ్, ఇలా రా,” అన్నాడు ఆయన.

దగ్గరికెళ్ళింది. ఆయన కాలుని ఆమెవైపు వంచి, తన భుజం అడ్డం పెట్టి, పెదవులు కదిలీ కదలనట్టు అన్నాడు.

“లోపల చెయ్యి పెట్టు. ముందువైపు, ఎముక తేలే చోట, పైనుంచి రెండు వేళ్ళ కింద. గట్టు ఏమైనా తగులుతోందా?”

గీతలమ్మ చెయ్యి పెట్టింది. వెతకాల్సిన పనే లేదు. గోరంత గట్టు, అంచు పదునుగా, వేలికి సూటిగా తగిలింది.

“మావయ్యా...”

“తగిలిందా, లేదా?”

“తగిలింది.”

ఆయన కళ్ళు ఒక్క క్షణం మూసి తెరిచాడు. “అనుకున్నా. నిన్న వాణ్ణి గోదాంకి పంపారని వినగానే అనుకున్నా.”

“మీకు... మీకు తెలుసా?”

“వాడు నా గుర్తు నాకంటే గుండ్రంగా వేస్తాడు తల్లీ. నా సున్నా ఏనాడో వంకర పోయింది. నా బల్ల మీంచి వంకరగా వెళ్ళిన సున్నా, పగలగొట్టే ముందు అచ్చు మీద గుండ్రంగా కనిపిస్తే నాకు తెలీదా?” కాలుని ఇంకాస్త ఆమెవైపు వంచాడు. “వాడు నా కోసం దాస్తున్నాడు. తెలిసిందంటే వాడి కష్టం బూడిద అయిపోతుందని నేను దాచాను. అలా అనుకున్నాను. నిజానికి ఈ గది వదిలి వెళ్ళడానికి నాకు భయం. వాడి చెయ్యి నిదానం అని నలుగురిలో అన్న నోరు ఇది.”

“మరి ఇప్పుడు?”

“ఎన్నిసార్లో చెబుదామని ఆ కిటికీ గది దాకా వెళ్ళి తిరిగొచ్చేశాను. నా నోటికి రావడం లేదు. నీ నోటికి వస్తుంది. ఎర్రగీత గీసిన రోజునే చూశాను నేను, నీకు అది చేతనవును.”

“ఏం మేస్త్రిగారూ, తొడుగుదామా?” డైరెక్టరు అటునుంచి కేకేశాడు. “ఆవిడ ఒంటికాలి మీద నిలబడి అలిసిపోతోంది!”

పెద్దమేస్త్రి మెల్లగా వెనక్కి తిరిగాడు.

“మా కోడలు చెబుతుందండీ. ఈ కాలి విషయంలో ఆమె మాటే నా మాట.”

గుర్తు వేసిన మనిషి ఆఖరి మాట ఇంకొకరి చేతిలో పెట్టడం అక్కడ ఎవరూ ఎరగరు. ఎవరో పరిగెత్తి చెప్పినట్టున్నారు, గోదాంవైపు గుమ్మంలో చిన్నమేస్త్రి ప్రత్యక్షమయ్యాడు. చొక్కా నిండా దుమ్ము. తండ్రి భార్యతో ఏమన్నాడో అతనికి తెలియదు. కాలు ఆమె చేతిలో ఉండడం మాత్రం చూశాడు. వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు.

దర్జీ ఆవిడ అందరి మొహాలూ మార్చి మార్చి చూసి, “ఏమైందమ్మా? నా కాలేనా అది?” అంది.

“మీదేనండీ,” అంది గీతలమ్మ. “కానీ తొడగొద్దు.”

“అదేంటి?” డైరెక్టరు రెండడుగులు ముందుకొచ్చాడు. మెడపట్టీ మీద పెట్టుకున్న చెయ్యి అక్కడే ఉండిపోయింది. “పెద్దమేస్త్రిగారి గుర్తు పడ్డ కాలు అది. ఎందుకు తొడగొద్దు?”

గీతలమ్మ తల ఎత్తింది. ఎడమవైపు మామగారు, చెప్పు అన్నట్టు చూస్తున్నాడు. గుమ్మంలో భర్త, చెప్పకు అన్నట్టు చూస్తున్నాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోవడం లేదు.

(సశేషం)